పిలిచినా పలకని పేరు

తాండూరులో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పడానికి చేరిన ఏడాది, ఆరో తరగతి హాజరు పట్టీలో ఒక పేరును ఎర్ర సిరాతో కొట్టేయబోయాను. కొట్టేసి ఉంటే నా తప్పు ఎవరికీ తెలిసేది కాదు. ఆ పేరుగల పిల్ల మూడు వారాలుగా నా ఎదుటే, కిటికీ పక్కన కూర్చుని ఉంది.

ఆ సంగతి చెప్పేముందు నా పేరు సంగతి కొంత చెప్పాలి. పేరు మాత్రం రాయను. ఇందులో వచ్చే వాళ్ళెవరి పేరూ రాయను. అడిగి రాయడానికి వాళ్ళు ఇప్పుడు దగ్గర లేరు. అడగకుండా ఒకరి పేరు వాడుకోవడం నాకు ఇష్టం లేదు.

మాది పెద్దేముల్ దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. కందులు, జొన్నలు పండేవి. నాకు మా నాయనమ్మ పేరు పెట్టారు. నాలుగక్షరాల పేరు. మధ్యలో గట్టిగా ఒక ‘ళ’, చివర ‘వ్వ’. మా నాయన ఆ పేరుతో నన్ను ఎన్నడూ తిట్టలేదు. తల్లిని తిట్టినట్టవుతుందని భయం. కోపం వస్తే “ఏ పిల్లా” అనేవాడు. ముద్దు చేసినప్పుడు మాత్రం పేరు మొత్తం పలికేవాడు.

ఊళ్ళో బడి లేక నన్ను వికారాబాదులో మా మేనత్త దగ్గర ఉంచారు. మామ రైల్వేలో పనిచేసేవాడు. అప్పుడు బడి ఉర్దూలో నడిచేది. నన్ను చేర్చుకున్న మున్షీ నా పేరు ఉర్దూలో రాసుకున్నాడు. ఆ రాతలో పొట్టి అచ్చులు రాయరు, చదివేవాడు తానే ఊహించుకోవాలి. ‘ళ’ అసలే లేదు. మనిషిని ఎరిగినవాడు చదివితే ఏ ఇబ్బందీ లేదు. ఆ మున్షీ నన్ను ఎరుగును కనుక రోజూ సరిగానే పిలిచేవాడు.

నలభై ఎనిమిదిలో నిజాం పాలన పోయింది. కొన్నాళ్ళకు బడి తెలుగులోకి మారింది. కొత్తగా ఒక తెలుగు అయ్యవారు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. ఆయనకు ఉర్దూ రాదు. ఆఫీసులో గుమాస్తా పాత పట్టీ చదువుతుంటే ఆయన తెలుగులో రాసుకున్నాడు. చదివిన గుమాస్తా నన్ను ఎప్పుడూ చూడలేదు. మరునాడు పొద్దున హాజరు పిలుస్తుంటే నా పేరు రావలసిన చోట ఇంకేదో మాట వచ్చింది. అది పేరు కాదు. వంటింటి గరిటెకు మా వైపు వాడే మాటలాగా వినిపించింది. క్లాసంతా నవ్వారు.

నేను లేచి, “గది నా పేరు గాదు సార్” అన్నాను.

“‘గది’ కాదమ్మా, ‘అది’ అనాలి. ‘గాదు’ కాదు, ‘కాదు’” అన్నాడాయన.

రెండు మాటలు సరిదిద్దాడు. పేరు సరిదిద్దలేదు. నేను కూర్చున్నాను. ఆ తర్వాత దాదాపు ఏడాదిన్నర ఆ గరిటె పేరుకే “హాజర్” అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. పద్యం చదివితే పక్క గదిలో పిల్లలు కూడా నోరు మూసుకుని వినేవారు. కానీ నేను నోరు తెరిస్తే ముందు నా మాట తీరు దిద్దేవాడు, తర్వాతే చెప్పింది వినేవాడు. దిద్దడం అయ్యేసరికి నేను చెప్పదలచింది మరిచిపోయేదాన్ని. కొన్నాళ్ళకు నోరు తెరవడమే మానేశాను.

ఇంగ్లీషు క్లాసు మొదలైనప్పుడు చెప్పడానికి వచ్చింది ఒక ముసలి మౌల్వీ సాబు. ఉర్దూ రోజుల నుంచి ఆ బడిలో ఉన్న మనిషి. మొదటి రోజు ఆయన పుస్తకం తెరవలేదు, పట్టీ కూడా తెరవలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి అడిగాడు.

“నీ పేరేంది బిడ్డా? పట్టీల ఏమున్నదని అడుగుతలేను. మీ ఇంట్ల ఏమని పిలుస్తరు?”

చెప్పాను. బడిలో నా పేరు నేను గట్టిగా పలకడం చాలా కాలానికి అదే.

“జర మళ్ళ చెప్పు.”

మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. పలకబోతే ఆయన నాలుకకు ‘ళ’ తిరగలేదు. తనను చూసి తానే నవ్వుకున్నాడు.

“నా నాలుక ముసల్దైంది బిడ్డా. గని చెయ్యి రాస్తది” అని బోర్డు మీద ఇంగ్లీషులో నా పేరు రాశాడు. ఒక్కొక్క అచ్చు కింద గీత గీశాడు. “చూడు. ఉర్దూల గీ అచ్చులు పరదా ఎన్క ఉంటయి. ఇంగ్లీషుల బైటికొస్తయి. ఇగ ఎవరు చదివినా నీ పేరు నీకే వస్తది.”

ఆ వారంలోనే తెలుగు అయ్యవారి పక్కన కూర్చుని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వేలితో చూపించి, ‘ళ’ దగ్గర నాచేత పలికించి, పట్టీలో నా పేరు సరిచేయించాడు. తెలుగు అయ్యవారు మరునాడు నా పేరు పిలిచాడు. ‘ళ’ అంత బాగా పలికినవాళ్ళు మా ఇంట్లో కూడా లేరు. తలెత్తి నన్ను చూసి, “ఇంత మంచి పేరు పెట్టుకుని ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావమ్మా?” అని అడిగాడు. నేను చెప్పానన్న సంగతి ఆయనకు గుర్తే లేదు.

ఇంగ్లీషంటే మిగతా పిల్లలకు భయం. నాకు మాత్రం అది పోయిన వస్తువు తెచ్చిచ్చిన మనిషిలాంటిది. దాన్ని పట్టుకునే మెట్రిక్ దాటాను, టీచరు ట్రైనింగు చేశాను. తాండూరులో ఉద్యోగం వచ్చింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు.

తాండూరు అంతకు కొద్ది ఏళ్ళ ముందు వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు మారినప్పుడు ఇటు వచ్చింది. కాగితాలు ఇటు వచ్చాయి కానీ మనుషుల నోళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. బజారులో ఒక దుకాణం తెలుగు, పక్క దుకాణం కన్నడం, ఎదురు దుకాణం ఉర్దూ. బండల గనుల్లో పనిచేసేవాళ్ళు సేడం వైపు నుంచి, చించోళి వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. బడిలోనూ ఈ పిల్లలందరూ పక్కపక్కనే కూర్చునేవారు. గదిలో నేలంతా తాండూరు బండలు. వర్షాకాలంలో చల్లగా ఉండేవి. పలక లేని పిల్లలు వాటి మీదే రాసేవారు.

ట్రైనింగులో మాకు ఒక నియమం నేర్పారు. ఇంగ్లీషు పీరియడులో ఇంకో భాష మాట వినిపించకూడదు. నేను దాన్ని అక్షరాలా పాటించాను. “దిస్ ఈజ్ ఎ బుక్” అంటే యాభైమందీ ఒక్క గొంతుతో “దిస్ ఈజ్ ఎ బుక్” అనేవారు. ఒక్క పిల్లను లేపి అడిగితే మాత్రం తల దించుకునేది. ఈ పిల్లలకు చదువు మీద ధ్యాస లేదనుకున్నాను. వికారాబాదులో తల దించుకున్న పిల్లను నేనేనని ఆ మూడు వారాల్లో ఒక్కసారి కూడా తోచలేదు. కుర్చీలో కూర్చున్నాక మనిషికి బెంచీ గుర్తుండదేమో.

హాజరు కూడా అలాగే వేసేదాన్ని. తల పట్టీలో పెట్టి పేర్లు చదవడం, “ప్రెజెంట్ టీచర్” అని వినిపిస్తే టిక్కు పెట్టడం. ఒక పేరుకు రోజూ జవాబు వచ్చేది కాదు. చక్కని సంస్కృతం పేరు, పువ్వు అని అర్థం వచ్చేది. చేరిన రోజు నుంచి ఒక్క టిక్కు లేదు. ఇన్ని రోజులు రాని పిల్ల పేరు తీసేయాలని పెద్దసారు చెప్పాడు. ఒక సోమవారం ఎర్ర సిరా కలం తీసి, ఎందుకైనా మంచిదని క్లాసును అడిగాను.

“ఈ పిల్ల ఎవరికన్నా తెలుసా? బడి మానేసిందా?”

 కిటికీ పక్క బెంచీలో ఒక పిల్ల లేచింది. కిరాణా దుకాణం వాళ్ళమ్మాయి, జంకు లేని మనిషి.

“టీచరమ్మా, గా పేరు ఎవరిదో మాకు తెల్వదు. గని ఈమెను మీరు ఎన్నడు పిలువలే” అని పక్కన కూర్చున్న పిల్లను చూపించింది.

ఆ పిల్ల బక్కగా, పొడుగ్గా ఉంది. మోచేతుల దాకా సన్నని తెల్లటి బండ పొడి. నేను ఆమెను చూశాను. చూడలేదని చెప్పలేను. రోజూ కనిపిస్తూనే ఉంది. పట్టీలోని పేర్లనూ బెంచీల మీది ముఖాలనూ ఒక్కసారి కూడా కలిపి చూసుకోలేదు, అంతే.

“నీ పేరేంది?” అని అడిగాను. పక్క పిల్ల ముఖం చూసింది.

“ఆమెకు తెలుగు కొంచెం కొంచెమే వస్తది టీచర్. వాళ్ళింట్ల కన్నడం. ఈ ఏడే సేడం బడి నుంచి వచ్చింది” అంది కిరాణా దుకాణం అమ్మాయి.

మా పొలానికి కోతలకు కన్నడం కూలీలు వచ్చేవారు. వాళ్ళ దగ్గర నేర్చిన నాలుగు ముక్కలు నా నోట్లో ఉన్నాయి.

“నిన్న హెసరేను?” అని అదే మాట కన్నడంలో అడిగాను.

ఆ పిల్ల వెంటనే చెప్పింది. అప్పటిదాకా నేను వినని గొంతు. పేరు ‘హ’తో మొదలైంది, ‘వ్వ’తో ముగిసింది. కన్నడంలో పువ్వును హూవు అంటారు. నాకు అర్థమైంది. ఎవరో ఆమె పేరును తెలుగు చేశారు, అది చాలక సంస్కృతం కూడా చేశారు. అర్థం మాత్రం మిగిల్చారు. అది తన పేరని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను మూడు వారాలు పిలుస్తూనే ఉన్నాను, ఆమె మూడు వారాలు తన పేరు ఎప్పుడు వస్తుందా అని వింటూనే ఉంది.

కలం మూత పెట్టాను.  

సాయంత్రం పెద్దసారు గదికి పోయాను. ఆయన యాభై దాటిన మనిషి, తెల్లని పైజామా మీద నల్ల కోటు. నేను చెప్పిందంతా విని, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“నేనే రాసిన. గా పిల్ల తల్లి వచ్చి పేరు చెప్పింది. మోటుగ అనిపించింది. మంచిగుండాలెనని రాసిన” అన్నాడు.

“తల్లికి చెప్పిన్రా సార్?”

“చెప్పేదేమున్నది? రేపు పిల్ల పెద్దదైతది, నలుగుట్ల తిరుగుతది. సిగ్గుపడకూడదు గదా.” కుర్చీ చేతిని తట్టి అన్నాడు. “నా పేరు గూడ నా పేరు గాదమ్మా. ఇంట్ల పెట్టింది వేరే. మా ఉస్తాదు మార్చిండు. నాకు మంచిగనే అయింది. నౌకరి వచ్చింది, ఇజ్జత్ వచ్చింది. గా పాత పేరుతోని గీ కుర్చీల కూసుందునా?”

 ఆయన చెప్పేది అబద్ధం కాదు. ఆ పేరుతో ఆయన నలభై ఏళ్ళకు పైగా సుఖంగానే బతికాడు.

“మీ ఉస్తాదు మిమ్మల్ని అడిగిండా సార్?”

“అడగలే.”

“అడిగి ఉంటే?”

కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “అడిగినా సరేననేటోన్నేమో” అన్నాడు. “గని అడిగి ఉంటే బాగుండేది.”

“అయితే ఆ పిల్లను అడుగుదాం.”

“అడుగు. తల్లితోని అర్జీ మీద వేలిముద్ర తీసుకురా. ఊకెనే పట్టీ దిద్దితే రేపు ఇన్స్పెక్టరుకు నేను జవాబియ్యాలె.”

మరునాడు బడి విడిచాక ఆ పిల్ల వెంట నడిచాను. ఊరు దాటి, బండల గనుల దారి. రెండు పక్కలా నీలం బండలూ బూడిద రంగు బండలూ దొంతర్లు పెట్టి ఉన్నాయి. తల్లి అంచులు చెక్కేచోట ఉంది. నన్ను చూడగానే సుత్తి కింద పెట్టి లేచింది.

“ఏనాయ్తు? పోరి ఏమన్న చేసిందా పంతులమ్మా?”

“ఏం చెయ్యలే. తప్పు మాదే” అని సంగతి చెప్పాను. ఆమెకు తెలుగు బాగానే అర్థమవుతుంది, కన్నడం కలిపి మాట్లాడుతుంది. నేను చెబుతున్నకొద్దీ ఆమె ముఖం పాలిపోయింది. నేలమీద కూర్చుండిపోయింది.

“నేను గా సారుకు చెప్పిన గదా పేరు. ఎందుకు మార్చిండు?”

“మంచి పేరని.”

“ఈమెకు ముందు ఇద్దరు పుట్టి పోయిన్రు పంతులమ్మా. ఈమె పుట్టినంక అమ్మవారి గుడికి తీస్కపోయిన. పూలు పరిచి, పూలల్ల పండవెట్టి, నీ పిల్లనే నాకియ్యి తల్లీ అని మళ్ళ చేతులకు తీసుకున్న. గప్పుడు పెట్టిన పేరు. గా పేరు తోనే నిలిచింది. వేరే పేరుతోని పిలిస్తే, గా తల్లి విని కోపానికి రాదా?”

ఆమె పక్కన కూర్చున్నాను. “ఇన్ని దినాలు వేరే పేరుతోని నేను పిలుస్తనే ఉన్న. నీ బిడ్డ ఒక్కనాడు గూడ పలుకలే” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగింది. “పలుకలేదా నువ్వు?” అని కన్నడంలో అడిగింది. పిల్ల లేదని తల ఊపింది. తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది. 

మరునాడు పొద్దున తల్లీకూతుళ్ళు ఇద్దరూ పెద్దసారు గదికి వచ్చారు. నేను రాసి ఉంచిన అర్జీ మీద తల్లి వేలిముద్ర వేసింది. పెద్దసారు తన మాట నిలబెట్టుకున్నాడు. పిల్లను ముందు నిలబెట్టి, తనకు వచ్చిన కన్నడంలో ఓపికగా అడిగాడు. ఒకటి ఇంట్లో పెట్టిన పేరు, ఒకటి బడిలో రాసిన పేరు, రెండూ నీవే, నీకు ఏది కావాలో నువ్వే చెప్పమన్నాడు. పిల్ల తల్లి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. తన పేరు చెప్పింది. ఆయన మళ్ళీ అనిపించుకున్నాడు. తర్వాత పట్టీలో తాను రాసిన పేరు మీద తానే ఎర్ర గీత గీసి, పైన కొత్తగా రాసి, పక్కన సంతకం పెట్టాడు. మూడు వారాల ఖాళీ గళ్ళలో నేను ఒక్కొక్క టిక్కూ పెట్టుకుంటూ వచ్చాను. ఇన్స్పెక్టరు ఎప్పుడైనా అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు.

ఆ రోజు నుంచి నా క్లాసు మారింది. ఒక్కరోజులో మారిందని చెప్పను. మొదట చేసిన పని, పట్టీ మూసి ఒక్కొక్కరినీ ఇంట్లో ఏమని పిలుస్తారో అడగడం. రెండు పీరియడ్లు పట్టింది. ఇంకో ఏడుగురి పేర్లలో తప్పులు బయటపడ్డాయి. ఒక పిల్లకు మాత్రం బడి పేరే ఇష్టం. ఇంట్లో పిలిచే పేరుతో పిలవొద్దని చెవిలో చెప్పింది. సరేనన్నాను. ఆ పేరు నేను ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ట్రైనింగు నియమాన్ని పక్కన పెట్టాను. తలుపు మూసి చేశాను కానీ చేశాను. బోర్డును నాలుగు నిలువు వరసలుగా గీశాను. తెలుగు, కన్నడం, ఉర్దూ, ఇంగ్లీషు. ఒక వస్తువు చూపిస్తే మూడు భాషల పిల్లలూ తమ తమ మాట చెప్పాలి. నాలుగోది నేను చెబుతాను. పాలు, హాలు, దూద్, మిల్క్. పువ్వు, హూవు, ఫూల్, ఫ్లవర్. పేరు, హెసరు, నామ్, నేమ్. నామ్ పక్కన నేమ్ చూసి ఉర్దూ పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంగ్లీషు తమ చుట్టమని ఆ వారమంతా చెప్పుకున్నారు.

కిటికీ పక్క పిల్ల బోర్డు వైపు చూస్తూ చూస్తూ ఉండి, ఒకరోజు ఎవరూ అడగకుండానే లేచింది.

“టీచర్, పులి, హులి” అంది. ఆగి, “పంది, హంది” అంది.

క్లాసు గొల్లుమంది. ఎగతాళి కాదు, కనిపెట్టినందుకు. తెలుగులో ‘ప’ ఉన్నచోట కన్నడంలో ‘హ’ వస్తున్నదని ఆ పిల్ల పట్టేసింది. నాకు ఎవరూ చెప్పని సూత్రం. కిరాణా దుకాణం అమ్మాయి లేచి, “అయితే పప్పును హప్పు అంటరా?” అని అడిగింది.

“అల్ల, కాదు. బ్యాళి” అంది ఈ పిల్ల పెద్ద టీచరులాగా. క్లాసు మళ్ళీ నవ్వింది, ఆ పిల్ల కూడా నవ్వింది. అన్ని భాషల పప్పులూ బోర్డెక్కాయి. కందులు పండే ఊరిలో ఆ ఒక్క మాటకే పీరియడు అయిపోయింది.

ఇంగ్లీషులో జవాబు చెప్పేముందు పక్క పిల్లతో సొంత భాషలో గుసగుసగా చెప్పుకోమన్నాను. చెప్పుకున్నాక, ఇద్దరూ కలిసి ఇంగ్లీషు చేసుకుని లేచి చెప్పాలి. తప్పు వస్తే మధ్యలో ఆపేదాన్ని కాదు. చెప్పడం అయ్యాక, అదే మాటను సరైన తీరులో నేను ఒకసారి అనేదాన్ని. విన్నవాళ్ళు విన్నారు. కిరాణా దుకాణం అమ్మాయీ ఈ పిల్లా జోడీ అయ్యారు. ఒకామెకు మాటలెక్కువ, ఒకామెకు గమనింపు ఎక్కువ. ఆరు నెలలు తిరిగేసరికి ఒకామెకు కన్నడం వచ్చింది, ఒకామెకు తెలుగు వచ్చింది, ఇద్దరికీ కలిపి కొంత ఇంగ్లీషు వచ్చింది.

ఒక శనివారం క్లాసంతటినీ స్టేషనుకు నడిపించుకుని పోయాను. ప్లాట్‌ఫారం చివర ఊరి పేరు బోర్డు చూపించి ఇంగ్లీషులో చదవమన్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. తమ ఊరి పేరు ఇంగ్లీషులో ఉంటుందని చాలామందికి తెలియదు. హైదరాబాదు వైపు పోయే పాసింజరు వచ్చి ఆగింది. కిటికీలోంచి ఒక పెద్దాయన, ఏదో పరాచికానికి, ఈ పిల్లను ఇంగ్లీషులో అడిగాడు.

“వాట్ ఈజ్ యువర్ నేమ్?”

నేను దగ్గరికి పోబోయాను. అవసరం లేకపోయింది.

“మై నేమ్ ఈజ్” అని ఆగి, ఊపిరి తీసుకుని, పేరు మొత్తం చెప్పింది. ఆయనకు అందలేదు. “వాట్?” అన్నాడు. పిల్ల మళ్ళీ చెప్పింది, ఈసారి ముక్కలు ముక్కలుగా, చిన్నపిల్లకు నేర్పినట్టు. రైలు కదిలింది. ఆయన ఆ పేరును పలుకుతూనే పోయాడు. పిల్లలు నవ్వుతూ బడికి తిరిగొచ్చారు. ఆ పిల్ల దారంతా నా పక్కనే నడిచింది.

దసరా సెలవుల తర్వాత తల్లి ఒక మధ్యాహ్నం బడికి వచ్చింది. ఏమైనా తేడా వచ్చిందేమోనని కంగారుపడ్డాను. అలాంటిదేం లేదు. గని దగ్గర దొరికిన నున్నటి బండ ముక్క ఒకటి కొంగులోంచి తీసి నా ముందు పెట్టింది.

“నా పేరు గూడ రాసియ్యి పంతులమ్మా. పోరి రాస్తనంటది గని, ముందుగాల నువ్వు రాస్తె మంచిగుంటది.”

“ఏ భాషల రాయాలె?”

ఆమె బండను నా వైపు జరిపింది. “నీకు ఏది మంచిగొస్తె గది.”

తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, మూడు భాషల్లో రాశాను. కన్నడం అక్షరాలు కూతురు పక్కన నిలబడి దిద్దింది. రెండుచోట్ల నా గీత తప్పయితే చెరిపి రాసింది. తల్లి ఆ బండ ముక్కను రెండు చేతులతో పట్టుకుని, మూడింటిలో ఏది ఏ భాషో తెలియకపోయినా, మూడింటినీ వేలితో తడిమి చూసింది.

నేను తాండూరులో నాలుగేళ్ళు ఉన్నాను. పెద్దసారు రిటైరయ్యే ముందు కొత్తగా చేరే పిల్లల పేర్లు రాసే పని నాకు అప్పజెప్పాడు. తల్లో తండ్రో చెప్పిన పేరును వాళ్ళకే తిరిగి చదివి వినిపించి, వాళ్ళు తల ఊపాకే సిరా పెట్టేదాన్ని. ఆయన పక్కన కూర్చుని చూసేవాడు. ఒకరోజు, ఎవరూ లేనప్పుడు, తన పాత పేరు నాకు చెప్పాడు. చెప్పి కొంచెం సిగ్గుపడ్డాడు. మంచి పేరే. మా వైపు గట్టిగా నాలుగు ఎకరాలు దున్నగలిగే మనిషికి పెట్టే పేరు. అదే మాట ఆయనతో అన్నాను. చాలా సంతోషించాడు.

తర్వాత నాకు వికారాబాదుకు బదిలీ అయ్యింది. ఆ పిల్ల అప్పటికి హైస్కూలులో చేరింది. ఏడాది గడిచాక ఒక కార్డు వచ్చింది. అంతా ఇంగ్లీషు. అయిదు వాక్యాలు, రెండు తప్పులు. తాను రోజూ బడికి పోతున్నానని, అమ్మ బాగున్నదని, జోడీ పిల్లకు పెళ్ళి మాటలు వస్తే తాను వాళ్ళింటికి పోయి చదువు మాన్పించొద్దని వాళ్ళ నాయనతో మాట్లాడానని, ఆయన ఒప్పుకున్నాడని రాసింది. చివరి వాక్యం ఇలా ఉంది: కొత్త ఇంగ్లీషు సారుకు నా పేరు రాలేదు, రెండు రోజులు నేర్పాను, ఇప్పుడు వస్తున్నది.

తప్పులు దిద్దలేదు. మా పాఠశాల మెట్ల మీద కూర్చుని ఆ మధ్యాహ్నమే జవాబు రాశాను. పైన ఆమె పేరు పూర్తిగా రాసి, కింద నా పేరు పూర్తిగా రాసి, స్టేషను దగ్గరి పోస్టుడబ్బాలో వేసి, ఇంటికి నడిచాను.